పెట్టె మనది, ప్రాణ మెవరిది?

ఒక దేశము తన యింట నున్న యంత్రమును తానే విప్పి, తానే చదివి, తానే సరిచేసికొనజాలనిచో, ఆ యంత్రమునకు యజమాని యనిపించుకొనదు. కాపలాదారు మాత్రమే యగును. మనదేశమున ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీని గూర్చి జరుగుచున్న జయజయధ్వానముల నడుమ ఈ చిన్న సత్యము మరుగున పడుచున్నది. కర్మాగారము లెన్ని వెలసెను, ఎన్ని లక్షల పెట్టెలు బయటికి పోయెను అని లెక్కించువారు పెక్కురు. ఆ పెట్టెలలోని నమూనా యెవరిది, అందలి ప్రోగ్రాము ఎవరు వ్రాసిరి, దాని తాళపుచెవి ఎవరి మొలనున్నది అని యడుగువారు అరుదు. అడుగువారు అరుదైనప్పుడు అడుగుట పత్రికల విధి. కావున మేమడుగుచున్నాము.

ఎంబెడెడ్ సిస్టమనగా నేమో తెలియనివారు గలరు గాని, దానిని వాడనివారు లేరు. చౌకడిపోలోని కాటా, ఇంటి గోడనున్న కరెంటు మీటరు, ఆసుపత్రిలో రక్తపుపోటు చూచు పరికరము, మేడల లిఫ్టు, పొలములో మోటారును నడపు స్టార్టరు, వీనియందు గోరంత చిప్పు ఒకటి కూర్చుండి, లోపలికి వచ్చు సంకేతములను చదువుచు, తనకు నేర్పిన ప్రోగ్రాము ననుసరించి ఆజ్ఞలిచ్చుచుండును. బల్లమీది కంప్యూటరు పది పనులు చేయును. ఇది యొక్క పనినే రాత్రింబవళ్లు చేయును. ఆ పని యేదో, ఏ యెండలో, ఏ దుమ్ములో, ఎంత కరెంటుతో చేయవలయునో ముందుగా నెరిగి, దానికి తగిన సర్క్యూటును గీసి, బోర్డును రూపొందించి, ప్రోగ్రాము వ్రాసి, పరీక్షించి యిచ్చుటయే రూపకల్పన. ఆ పిమ్మట బోర్డుపై విడిభాగములను పేర్చి టంకము పెట్టుటకును నేర్పు వలయును. దానిని మేము తక్కువ చేయము. కాని టంకము పెట్టు కర్మాగారము నేడు మన యూరనుండి రేపు మరియొక దేశమునకు పోగలదు. గీచిన బుద్ధి యెచ్చట నున్నదో వస్తువు అచ్చటిదే.

ఇది యూహ కాదు. మన కన్నుల యెదుట జరిగిన చరిత్రయే దీనికి సాక్షి. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొన్నది. 1977లో ఎన్నికల సంఘము వోటింగు యంత్రపు టాలోచనను ముందుంచగా, 1979లో నమూనాను సిద్ధపరచినది ఈ సంస్థయే. 1980 ఆగస్టు 6వ తేదీన రాజకీయపక్షముల ప్రతినిధుల యెదుట అది ప్రదర్శింపబడెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఈ పనిలో చేరినది. 1982 మే నెలలో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో ఆ యంత్రములను వాడిరి. చట్టమున వానికి తావు లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 1988 డిసెంబరులో చట్టమే సవరింపబడెను. 2004 సార్వత్రిక యెన్నికలలో దేశమందలి 543 లోకసభ నియోజకవర్గములలోను ఈ యంత్రములే వోట్లు గ్రహించెను.

ఇందు గ్రహింపవలసిన దేమి? పని చేయించుకొనువారు తమ యవసరమును నిక్కముగా నెరిగియుండిరి. పని చేయువారు ఆ యవసరమును తమ నేలమీద నిలిచి యర్థము చేసికొనిరి. కరెంటు లేని పల్లెలోను నడువవలయును గనుక బ్యాటరీ. చదువురాని వోటరు గుర్తును చూచి నొక్కవలయును గనుక గుర్తునకొక మీట. రౌడీమూక కేంద్రమును పట్టుకొనినను వోట్లు గుప్పింపజాలకుండ నిమిషమునకు అయిదు వోట్లకు మించి తీసికొనని కట్టడి. ఒక వోటు ముగిసిన పిమ్మట అధికారి మరల మీట నొక్కిననే గాని రెండవ వోటు లేదు. ఏ విదేశపు కేటలాగున ఇట్టి యంత్రము దొరకును? ఏ దేశపు వర్తకునకు మన పల్లెటూరి పోలింగు కేంద్రపు తలనొప్పి తెలియును?

ఈ యంత్రములను గూర్చి నేటికిని వాదోపవాదములు కలవు. ప్రజల వోటును మోయు యంత్రమును ప్రజలు ప్రశ్నించుట న్యాయమే. కాని యొక్క సంగతి చూడుడు. సందేహములు బలపడినప్పుడు, వోటరు తన వోటును ఏడు సెకండ్లపాటు కాగితముపై చూచుకొను నట్లు వీవీప్యాటు అను కొత్త యంగమును దానికి జోడింపగలిగిరి. 2013లో నాగాలాండులోని నోక్సెను ఉపయెన్నికలో దానిని మొదట వాడిరి. నమూనా మనచేత నుండబట్టియే ఆ మార్పు సాధ్యమైనది. కొనితెచ్చిన పెట్టెయే యైనచో, ప్రజల సందేహమునకు జవాబు చెప్పుటకై విదేశపు వర్తకుని గుమ్మమున మన ప్రభుత్వము నిలిచియుండెడిది.

“చిప్పు విదేశీయము గదా, ఇక స్వదేశ మెక్కడిది?” అని కొందరు పెదవి విరిచెదరు. అవును, వోటింగు యంత్రములోని మైక్రోకంట్రోలరు విదేశమున తయారైనదే. కాని ప్రోగ్రామును వ్రాసినవారు ఇక్కడి యింజినీర్లు. యంత్రభాషలోనికి మార్చిన పిమ్మటనే అది చిప్పు చేయువారికి అందినది. ఇనుము ఏ దేశపు గనిలో పుట్టినను కర్రు వంపు మన నేల నెరిగిన కమ్మరిదే. చిప్పుల కర్మాగారములు వలదని మేమనము; 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము అందులకై 76,000 కోట్ల రూపాయల పథకము నంగీకరించుట కొనియాడదగినదే. అయితే ఆ కర్మాగారములు పండి చేతికి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. సర్క్యూటు గీయుటకు వేల కోట్లు వలదు. చదువు, ఓర్పు, పని యొప్పగించువాని నమ్మకము, ఈ మూడు చాలును.

1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ కూడ దీనినే నిరూపించినది. విదేశపు టెలిఫోను ఎక్స్చేంజీలు చల్లని గదులను కోరుచుండగా, ఈ సంస్థవారు చల్లదనపు యంత్రము లేకయే పల్లెటూరి వేడిలో, దుమ్ములో నడచు 128 లైన్ల ఎక్స్చేంజీని రూపొందించిరి. నమూనాను తమయొద్దనే యుంచుకొని, తయారుచేయు హక్కును పెక్కు కంపెనీల కిచ్చిరి. రూపకల్పన మనదైనచో తయారీ దానివెంట నడచివచ్చును. తయారీ వచ్చినంత మాత్రమున రూపకల్పన రాదు.

ఇక నేటి స్థితి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా కంపెనీ బెంగుళూరున చిప్పుల రూపకల్పన శాల తెరచినది మొదలు, బెంగుళూరు హైదరాబాదులలో ఇట్టి శాలలు పెక్కు వెలసినవి. మన బిడ్డలు గీసిన చిప్పులు, వ్రాసిన ప్రోగ్రాములు లోకమెల్ల నిండియున్నవి. జీతమిచ్చినవారు హక్కు తీసికొనిరి. అది వర్తకధర్మము, దానిని మేము తప్పు పట్టము. మేము తప్పు పట్టుచున్నది మనలను. పొరుగుదేశపు వర్తకుడు మన యింజినీరు బుద్ధికి వెల కట్టి కొనుచుండగా, మనయూరి కొనుగోలుదారు ఆ బుద్ధికి కాసు నీయనొల్లడు. టెండరు కాగితమున బోర్డు ఒక్కటికి వెల యెంతయను గడి యుండును. రూపకల్పనకు వెల యెంతయను గడి మేము చూచినంతలో అరుదు. అందరికంటె తక్కువ చెప్పినవానికి పని. తక్కువ చెప్పగలవా డెవడు? గీయనివాడు, షెన్‌జెన్ నగరమునుండి సిద్ధపు బోర్డును తెప్పించి, పైన తన పేరు అంటించువాడు. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలూరక యనలేదు.

మన రైతు పొలమునే చూడుడు. మూడు ఫేజులలో నొకటి పోయిన, మోటారు తిరుగలేక మూలుగుచు, వేడెక్కి, చుట్ట కాలిపోవును. బోరున నీరింకిన, మోటారు వట్టినే తిరిగి చెడును. కరెంటు అర్ధరాత్రి వచ్చిన, రైతు పామును తొక్కుకొనుచు పోవలయును. ఈ కష్టములనుండియే ఆటోస్టార్టరు పుట్టినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటోస్టార్టరులతో భూగర్భజలము వృథాగా తోడబడునని, వానిని తీసివేయుడని ప్రభుత్వమే రైతులను కోరినది. నిన్నటి యుపకారము నేటి యపకార మాయెను! కరెంటు వేళలు మారిన, పెట్టె బుద్ధియు మారవలయును. ఇన్ని గంటలే తోడుమని, ఇంత నీరు చాలునని దానికి మరల నేర్పవలయును. నేర్పుటకు మూలప్రోగ్రాము చేత నుండవలయును. లేనిచో పీకి పారవేయుటయే గతి.

2020 మొదలు 2022 వరకు లోకమున చిప్పుల కరవు వచ్చినప్పుడు గొప్ప మోటారుకార్ల కంపెనీలు సైతము తయారీని ఆపుకొనవలసివచ్చెను. సర్క్యూటు చిత్రమును మూలప్రోగ్రామును గలవారు దొరకిన చిప్పునకు తగినట్లు బోర్డును తిరుగ గీసికొనగలరు. పెట్టె మాత్రమే గలవారు పెట్టెను చూచుచు కూర్చుండవలసినదే.

ఇందు చట్టపు చిక్కు కూడ నొకటి కలదు. దానిని పని చేయించుకొనువారిలో పలువు రెరుగరు. మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ప్రోగ్రాము సాహిత్యరచనతో సమానము. జీతగాడు తన యుద్యోగములో వ్రాసినది, వేరు ఒప్పందము లేనిచో, యజమానికి చెందును. కాని బయటి రూపకర్తకు డబ్బిచ్చి వ్రాయించుకొనినంతనే హక్కు మీది కాదు. వ్రాతమూలకముగా బదలీ చేయించుకొనవలయును. ఆ పత్రమున గడువు వ్రాయనిచో అయిదేండ్లని, ప్రదేశము వ్రాయనిచో భారతదేశము మాత్రమేయని చట్టము భావించును. లక్షలు చెల్లించి, ఒక్క కాగితము వ్రాయించుకొనక, పిమ్మట గుండెలు బాదుకొనిన లాభమేమి?

మేము ఒక్క పక్షమునే నిందించుటలేదు. మూలప్రోగ్రామును దాచి, చేయించుకొనినవానిని యావజ్జీవబందీగా నుంచుకొను రూపకర్తలు కలరు. నమూనా చేతికి రాగానే సొమ్మెగవేసి, దానిని పక్కవానికిచ్చి చౌకగా చేయించుకొను షావుకార్లును కలరు. ఒకని మోసము మరియొకని మోసమునకు సాకగుచున్నది. ఈ రెండు దొంగతనముల నడుమ దేశపు విద్య దిక్కులేనిదగుచున్నది.

ఇది వర్తకుల తగవు మాత్రమే యైనచో మేమింత గొంతెత్తము. 2021లో అంగీకరింపబడిన కేంద్రపథకము ప్రకారము 25 కోట్ల స్మార్టు మీటర్లు అమర్చుట సంకల్పము. ఆ మీటరు పాతమీటరువలె తిరిగి యూరకుండునది కాదు. దూరమున కూర్చున్నవారి యాజ్ఞతో ఇంటి కరెంటును ఆపగలదు. ఈ పథకమును మేము దూషింపము. ఒక్కటే యడుగుచున్నాము: మన యిండ్ల దీపములను ఆర్పగల యా మీటర్ల మూలప్రోగ్రాము ఎవరియొద్ద నుండును? దానిని పరీక్షించు వారెవరు? తయారుచేసిన కంపెనీ దివాలా తీసిన, దానిని సరిచేయు వారెవరు? వీధి కెమేరాల విషయమున ప్రభుత్వము మేల్కొన్నది. 2024లో వెలువరించిన నిబంధనలు 2025 ఏప్రిలునుండి అమలులోనికి రాగా, కెమేరాల తయారీదార్లు తమ మూలప్రోగ్రామును సైతము పరీక్షకు పెట్టవలసివచ్చినది. వీధిలోని కెమేరాకు వలసిన జాగ్రత్త ఇంటిలోని మీటరునకు, ఆసుపత్రిలోని పరికరమునకు వలదా?

కావున ప్రజాధనముతో చేయించు ప్రతి యంత్రమునకును ఈ నియమము లుండవలయునని మేము కోరుచున్నాము. మొదటిది, రూపకల్పనకు వేరుగ వెల కట్టి, వేరుగ చెల్లింపవలయును. నమూనాలు చెడుటకును లెక్కలో తావీయవలయును. రెండవది, సర్క్యూటు చిత్రము, బోర్డు రేఖలు, విడిభాగముల జాబితా, మూలప్రోగ్రాము, పరీక్షాపద్ధతి, ఈ యయిదును చేతికందిననే గాని తుదివాయిదా చెల్లింపరాదు. హక్కు బదలీ వ్రాతలో నుండవలయును. మూడవది, ముఖ్యమైన ప్రతి చిప్పునకును ప్రత్యామ్నాయ మేదో ముందే నిర్ణయింపవలయును. నాలుగవది, టెండరులో వెల తక్కువయే గాక, ఆ యంత్రమును పదేండ్లు నడపి సరిచేయు వ్యయమును గూడ లెక్కింపవలయును.

ఇందు అసాధ్యమైన దేమియు లేదు. నమూనాలు చేసికొనుటకు హైదరాబాదున టీ-వర్క్స్ అను శాల 2023 మార్చిలో తెరువబడినది. చదివినవారు కలరు, సాధనములు కలవు, అవసరములు కొల్లలు. లేనిది పని యొప్పగించు ధైర్యమే.

చదువరులారా! మీలో పురపాలక సంఘ సభ్యులు కలరు, సహకార సంఘముల డైరెక్టర్లు కలరు, ఆసుపత్రుల, పాఠశాలల పాలకులు కలరు. రేపు మీ యెదుట ఒక యంత్రపు కొనుగోలు కాగితము సంతకమునకు వచ్చును. అందు వెల యెంతయని చూచుటకు ముందు, దీని చిత్రము, మూలప్రోగ్రాము మనకిచ్చెదరా యని యడుగుడు. ఇయ్యమనిన, సంతకము పెట్టకుడు.