త్యాగం మనదైతే లెక్క కూడా మనకే చెప్పాలి



బొగ్గు కరెంటు మీద మన పిల్లల మధ్య రెండు మాటలు నడుస్తున్నయి. మొత్తం బంద్ పెట్టాలని కొందరు. కరెంటు కావాలంటే ఎవరో ఒకరు త్యాగం చేయక తప్పదని ఇంకొందరు. మొదటిది తొందరపాటు మాట. రెండోది మాత్రం మాకు కోపం తెప్పించింది. ఆ ‘ఎవరో ఒకరు’ ప్రతిసారీ మనమే ఎందుకైతం?

బొగ్గు చేసిన మేలు దాచాల్సిన పని లేదు. దేశంలో తయారయ్యే కరెంటులో పదింట ఏడొంతులు దానిదే. పొద్దు గూకినాక సోలార్ ఆగిపోతది, అప్పుడు బోరు నడవాలన్నా, హాస్టల్ రూంలో ఫ్యాను తిరగాలన్నా ఇప్పటికి బొగ్గే దిక్కు. ఈ పోస్టు రాసిన ఫోన్ కూడా ఆ కరెంటుతోనే ఛార్జింగ్ అయింది. సింగరేణి జీతంతో పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించిన ఇండ్లు మన దగ్గర ఉన్నయి.

ఇప్పుడు రెండో పక్క చూడండి. మణుగూరు దగ్గరి భద్రాద్రి థర్మల్ కేంద్రం 1,080 మెగావాట్లు. నిండా నడిస్తే రోజుకు దాదాపు 2.6 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు అనుకుని మేము లెక్క వేస్తే రోజుకు 17 వేల టన్నుల దగ్గరికి వచ్చింది. మన దేశపు బొగ్గులో బూడిదే 30 నుంచి 45 శాతం. 35 పట్టుకున్నా రోజుకు 5,900 టన్నులు, అంటే 30 టన్నుల టిప్పర్లు దాదాపు 200! కొంత సిమెంటుకు, ఇటుకలకు పోతది, మిగతాది బూడిద చెరువులకు. కరెంటు తీగలెక్కి హైదరాబాద్ పోతది. బూడిదకు తీగలు లేవు. ఎండాకాలం గాలి లేస్తే అది ఎవరి అన్నం మీద పడుతుందో చెప్పాల్నా?

ఇంకో సంగతి. పాల్వంచలో 2018లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ సూపర్‌క్రిటికల్, అంటే అదే కరెంటుకు తక్కువ బొగ్గు కాలుస్తది. ఆ తర్వాత 2020 నుంచి 2022 మధ్య మొదలైన భద్రాద్రి యూనిట్లు నాలుగూ పాత సబ్‌క్రిటికల్ రకం. ఒకే జిల్లాలో కొత్తది ముందు, పాతది తర్వాత! ఎక్కువ బొగ్గు, ఎక్కువ బూడిద, ఎక్కువ పొగ. దీన్ని కూడా త్యాగం అనే అంటరా?

ఉద్యోగాలు వస్తయి కదా అంటరు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నరు. భూగర్భ గనికి మనుషులు కావాలి, ఓపెన్‌కాస్ట్‌కు మిషన్లు చాలు. కానీ భూమి ఓపెన్‌కాస్టే ఎక్కువ మింగుతది. పొలం పోయినోడికి దక్కేది చాలాసార్లు కాంట్రాక్టు కింద సెక్యూరిటీ డ్రెస్సు.

1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటోళ్లకు గనుల లీజులు ఇవ్వొద్దన్నది. ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదు. నిజమే, కానీ ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన అడిగే హక్కు పోదు. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్తది. సంప్రదించడమంటే టెంటు వేసి, భోజనం పెట్టి, రిజిస్టర్‌లో వేలిముద్రలు తీసుకుపోవడం కాదు.

డబ్బు సంగతి కూడా అడగాలె. 2015 సవరణ చట్టంతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులైతే రాయల్టీకి 30 శాతంతో సమానమైన సొమ్ము అందులో వేయాలి. అది గనుల దెబ్బ తగిలిన ఊర్ల కోసం పెట్టిన నిధి, తాగునీళ్లు, వైద్యం, చదువు ముందు. మన గూడెంలో ఎంత పడింది, ఏ పనికి పడింది?

వచ్చే సెలవులకు ఊరికి పోయే ప్రతి ఒక్కరూ కలెక్టర్ ఆఫీసులో ఈ ప్రశ్న మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. ఇంగ్లీషు రాదని ఆగకండి, తెలుగులో రాసినా చెల్లుతది. వచ్చిన జవాబు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మండలాల వారీగా లెక్క మేము కూడుతం.