లా చదివే మన పిల్లలు తిరగాలి

లా చదువుతున్న మన పిల్లల గురించి ఈ మధ్య ఊళ్లల్లో ఒకటే మాట. "చదువుకోమని విశాఖ పంపితే మీటింగులని, గ్రామసభలని తిరుగుతున్నారు." అబ్బాయిల గురించైతే విసుగ్గా అని ఊరుకుంటారు. నాలాంటి ఆడపిల్ల గురించైతే ఇంకో నాలుగు మాటలు కలుపుతారు. అనేవాళ్లు పరాయివాళ్లు కాదు. మా చిన్నాన్నలు, మేనత్తలు, ఆశ్రమ పాఠశాలలో మాకు అక్షరాలు దిద్దించిన మాస్టార్లు. అందుకే కోపం పక్కనపెట్టి జవాబు చెప్పాలనుకున్నా. ఏజెన్సీ నుంచి వచ్చి లా చదివేవాళ్లకి తిరగడం కూడా చదువే. అది మానేసి పట్టా తెచ్చుకున్న లాయర్ మన ఊరికి ఏ పనికొస్తాడో నాకు అర్థం కాదు.

నేను మూడేళ్ల ఎల్ఎల్‌బీలో రెండో ఏడు. కాంట్రాక్టు చట్టం, ఆస్తి బదలాయింపు చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ బాగానే చెప్పారు, తప్పు పట్టను. కానీ ఐదో షెడ్యూలు ఒక్క గంటలో అయిపోయింది. 1/70 పేరు క్లాసులో ఒక్కసారి వినపడింది, అదీ నేను లేచి అడిగితే. ఏజెన్సీలో గిరిజనేతరుడి భూమిని ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదని చెబితే, ఆస్తి బదలాయింపులో మంచి మార్కులు తెచ్చుకున్న నా క్లాస్‌మేట్ "అదెలా? డబ్బులిచ్చాడు కదా!" అన్నాడు. పాపం అతని తప్పేముంది, ఎవరూ చెప్పలేదు.

మా దగ్గర 1/70 కేసు గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందుకి వెళ్తుంది. ఎస్డీసీ కోర్టు అంటాం. ఆ రెగ్యులేషన్‌లో మనకి పనికొచ్చే రెండు సంగతులున్నాయి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు అతని మీదే ఉంటుంది. ఇంకోటి, భూమి పోయినవాడే దరఖాస్తు పెట్టాలని లేదు. ఆ విషయంలో ఆసక్తి ఉన్న ఎవరైనా పెట్టొచ్చు, అధికారి తనంతట తాను కూడా తీసుకోవచ్చు. పరీక్షలో ఇది అయిదు మార్కుల ప్రశ్న.

అదే ఎస్డీసీ కోర్టు వరండాలో ఒక పూట కూర్చోండి. ఒక పెద్దయ్య తెల్లవారకముందే కొండ దిగి, ఆటో ఎక్కి, బస్సు మారి వస్తాడు. సారు క్యాంపుకెళ్లారు, వాయిదా. మళ్లీ వస్తాడు, అవతలివాళ్ల లాయర్ టైమ్ అడుగుతాడు, వాయిదా. మూడోసారి నాట్లు పడుతున్నాయి, రాడు. ఆ రోజు అవతలివాళ్లు మాత్రం వస్తారు. ఆ వరండాలో ఒక పెద్దయ్య నన్నడిగాడు, "నాకు బరువు లేదని చట్టంలో ఉందంటన్నావు కదమ్మా, మరి నేనెందుకు ఇన్నిసార్లు రావాలి?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, దాని కోసమే ఇంకో నాలుగు సార్లు వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్‌లో ఉన్నా, ఆ వరండాలో కూర్చున్నవాళ్లలో నేను అడిగిన ఎవరికీ ఆ సంగతి తెలీదని.

"ఏటమ్మా, కోర్టుకెళ్లకుండా కొండలెక్కుతున్నావేటి?" అనేవాళ్లకి ఒక రూలు చూపిస్తాను. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సువాళ్లు కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సువాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఎక్కడ చెయ్యొచ్చో కూడా రాశారు. లాయర్ల దగ్గర, జడ్జీల దగ్గర, కంపెనీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, స్థానిక స్వపరిపాలన సంస్థల్లో. ఆ చివరి మాట ఇంకోసారి చదవండి. పంచాయతీ కూడా లెక్కలోకి వస్తుంది. మొత్తం కోర్సులో ఒక్కసారైనా లాయర్ దగ్గర తప్పనిసరిగా చెయ్యాలి, ఏ ఏడాదిలోనైనా వరసగా నాలుగు వారాలకి మించి కుదరదు, అంతే. అయినా మన పిల్లలందరూ ఏసీ ఆఫీసుల్లో ఫైళ్లు మోసి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. పంచాయతీలో చేస్తానంటే కాలేజీలో నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు. రూలు చూపించాక సంతకం పెట్టారు.

అలా వెళ్లిన ఒక ఊళ్లో తీర్మానం పుస్తకం చూశాను. ఊరు పేరు చెప్పను, ఇంకా గొడవ నడుస్తోంది. అటవీ హక్కుల గ్రామసభ తీర్మానం, కింద వరసగా వేలిముద్రలు. సభ ఎక్కడ జరిగిందని అడిగితే ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పింఛన్లు పంచిన రోజు ముద్రలేయించుకున్నారట. అటవీ హక్కుల నిబంధనల్లో 2012లో మార్పు తెచ్చారు. సభ్యుల్లో సగం మందైనా ఉండాలి, హాజరైనవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ ఒక్క ముక్క తెలిసిన పిల్లో పిల్లాడో ఊళ్లో ఉంటే ఆ పుస్తకం మీద మొదటిరోజే ప్రశ్న లేచేది. లేచిన తర్వాత నెగ్గుతామా లేదా అన్నది వేరే సంగతి.

ఇక దూరం ప్రయాణాలు. సెలవుల్లో నలుగురం కలిసి అనంతగిరి మండలం నిమ్మలపాడు వెళ్లాం. సమత తీర్పు పుట్టిన ఊళ్లలో అదొకటి. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే' అంది. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకిచ్చే హక్కు ప్రభుత్వానికీ లేదని. దేశమంతా చదివే తీర్పు. అక్కడ మాకంటే చిన్నవాళ్లు, డిగ్రీ చదివేవాళ్లు కూడా, ఆ పేరు వినలేదన్నారు. అది విని మాకు సిగ్గనిపించింది. అక్కడి పెద్దవాళ్లకి అంతా గుర్తుంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

తర్వాత రైలెక్కి రాయగడ వైపు వెళ్లాం, నియమగిరి కొండల దాకా. మా వైపు కొన్ని కోందు ఇళ్లలో వినపడే కువి భాషే అక్కడా వినపడుతుంది. మాతో వచ్చిన చెల్లి వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలతోనే మాకు అన్నం దొరికింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి బాక్సైట్ సంగతి గ్రామసభలకే వదిలేసింది. జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చుని చూడాలంది. పన్నెండు ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. క్లాసులో ఈ కేసుని మత స్వేచ్ఛ కింద చదువుతాం. అక్కడికెళ్తే తెలిసింది, ఆ పన్నెండు సభల వెనక ఏళ్ల తరబడి కాలినడకన కొండ కొండకీ తిరిగినవాళ్లున్నారని. సభ పెట్టమని కోర్టు చెప్పగలదు. సభలో ఏం మాట్లాడాలో ఊళ్లు అప్పటికే మాట్లాడుకుని ఉండాలి కదా.

స్నేహాల గురించీ చెప్పాలి. విశాఖలో మనవాళ్లు మనవాళ్లతోనే ఉంటారు. హాస్టల్ గది, సంక్రాంతికి కలిసి ఊరు, పెళ్లిళ్లలో దింసా. తప్పేం లేదు, ఆ గదులు లేకపోతే నేను మొదటి ఏడే పారిపోయేదాన్ని. పాడేరు అని చెప్పగానే "సరుకు ఉందా?" అని కన్నుకొట్టేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకి అదొక జోకు. మనకి అది జైల్లో ఉన్న అన్నయ్య. రెండు మూడు వేల కూలికి మూట మోసి దొరికిపోయిన కుర్రాడు, గంజాయి 20 కిలోలు దాటితే బెయిల్ ఎంత కష్టమో జైలుకెళ్లాకే తెలుసుకుంటాడు. మూట ఎవరిదో ఆ ఛార్జిషీటులో ఉండదు.

అయినా మనవాళ్లతోనే ఉండిపోవద్దంటాను. ఆ కన్నుకొట్టినవాళ్లలో ఒకమ్మాయిని మా ఊరు తీసుకెళ్లాను. మా అమ్మ చేసిన చోడి అంబలి తాగింది, మా బావ బెయిల్ కాగితాలు చూసింది. వాళ్ల నాన్న క్రిమినల్ లాయర్. ఆ కేసులో ఇప్పుడు ఆయనే ఫీజు లేకుండా వస్తున్నారు. అందరూ ఇలా మారతారని కాదు. కొందరు అంబలి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు.

రాజకీయాల సంగతికొస్తే మా ఇంట్లో అసలు భయం అక్కడే. "కేసు పెడితే లాయర్ కాలేవు" అని నాన్న అంటాడు. అడ్వొకేట్స్ చట్టం 24ఏ సెక్షన్ చదివి వినిపించాను. నైతిక పతనం కిందకొచ్చే నేరంలో శిక్ష పడితేనే ఎన్‌రోల్‌మెంట్‌కి అడ్డు. అదీ విడుదలై రెండేళ్లు గడిస్తే పోతుంది. ధర్నాలో కూర్చున్నందుకు ఎఫ్ఐఆర్ అయితే అది శిక్ష కాదు. కాకపోతే పెండింగ్ కేసుని దరఖాస్తులో దాచకూడదు. ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి వెరిఫికేషన్‌లో తలనొప్పి నిజమే, అది కాదనను. నాన్న భయం ఊరికే పుట్టింది కాదు. కానీ భయపడాల్సింది ఎంతో, అంతే భయపడదాం.

నాకు ఒళ్లు మండేది ఇంకో రకం రాజకీయం చూస్తే. ఎన్నికలొస్తే "లా స్టూడెంట్" అని మైకు చేతికిస్తారు, నాయకుడి కారులో వెనక సీటు ఇస్తారు. మనవాడు నల్లకోటు వెయ్యకముందే బండి మీద 'అడ్వొకేట్' స్టిక్కర్ వేస్తాడు. హాజరు 70 శాతం లేక పరీక్షకి కూర్చోనివ్వకపోతే ఆ నాయకుడు ఫోన్ ఎత్తడు. ఇలాంటివాళ్లని చూసే మా మాస్టార్లు తిరుగుళ్లంటే అసహ్యించుకుంటున్నారు, వాళ్లననేం లేదు. మన రాజకీయం గ్రామసభలో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండితే అక్కడ ఎవరూ టికెట్ ఇవ్వక్కర్లేదు.

2020 ఏప్రిల్ 22 గుర్తుందా? లాక్‌డౌన్ మధ్యలో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో అది. వాట్సాప్‌లో ఒక్క రాత్రిలో "ఉన్న ఉద్యోగాలు కూడా పోయాయి" అని పాకింది. టీచర్లుగా ఉన్న అక్కలు ఏడ్చారు. నాయకులు వీడియోలు పెట్టారు. నిజానికి, ప్రభుత్వాలు ఇకముందు రిజర్వేషన్ పరిమితి దాటకూడదన్న షరతుతో అప్పటిదాకా జరిగిన నియామకాలని కోర్టు కదిలించలేదు. తీర్పు చివరి పేజీల్లో ఉంది. చదివి తెలుగులో పది లైన్లు రాసి గ్రూపులో పెట్టేవాళ్లు ఆ రాత్రి మండలానికి ఒక్కరుంటే సరిపోయేది. తీర్పు మీద మనకున్న కోపం అలాగే ఉండేది, అక్కలకి మాత్రం నిద్ర పట్టేది.

బాలగోపాల్ గారు లెక్కల మాస్టారు. ముందు ఊళ్లు తిరిగారు, ఆ తర్వాతే లాయర్ అయ్యారు. మనకి ఆ రెండూ ఒకేసారి చేసే వీలుంది.

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఈ పేజీ చదివే సర్పంచులకి, ఎంపీటీసీలకి ఒక విన్నపం. లా పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం వస్తే లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసి స్టాంపు వేసివ్వండి, తీర్మానం పుస్తకం వాళ్ల ముందు తెరవండి. పాడేరు, రంపచోడవరం, పార్వతీపురం వైపు ప్రాక్టీసులో ఉన్న మన సీనియర్లూ, మగపిల్లల్నే కాదు, మమ్మల్నీ వాయిదాలకి వెంట తీసుకెళ్లండి. రాత్రి ఆలస్యమైతే ఉండటానికి మీ ఇంట్లో ఒక మంచం చాలు. చిన్నాన్నలూ, మేనత్తలూ, బస్సు ఛార్జీకి మీరే ఇవ్వాలి. పోయిన నెల ఎస్డీసీ కోర్టులో కలిసిన పెద్దయ్యకి వచ్చే వాయిదా మే మొదటి వారంలో ఉంది, నాతో ఇద్దరు జూనియర్లు వస్తామన్నారు. ఇంకెవరైనా వస్తే కింద పేరు రాయండి.