సీటు లేదన్నారు సరే, ఆ మాట కాగితం మీద రాసిచ్చారా?

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ తర్వాత సోమవారాల్లో కరీంనగర్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి గానీ, ఆదిలాబాద్‌లో ప్రజావాణికి గానీ వెళ్లే తల్లుల చేతిలో సాధారణంగా ఉండేవి పిల్ల ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఒక తెల్లకాగితం అర్జీ. గురుకులంలో పేరు రాలేదనో, పాత స్కూలు వాళ్లు టీసీ ఇయ్యట్లేదనో, హైస్కూల్లో చేర్చుకోమన్నారనో అర్జీలో రాసి ఉంటుంది. ఎవరు కాదన్నారు, ఏ తారీఖున, ఏ కారణంతో అని అధికారి అడిగితే మాత్రం జవాబు ఒక్కటే: "పోయి అడిగితే లేదన్నారు సార్."

అసలు చిక్కు అక్కడే ఉంది. అప్పీలు అంటే కింది అధికారి తీసుకున్న నిర్ణయం తప్పని పై అధికారికి చెప్పుకోవడం. ఆ నిర్ణయం రాతలో లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పిన మాటను, ఆఫీసు రూములో క్లర్కు చెప్పిన మాటను చాలా కుటుంబాలు ఆఖరి తీర్పుగా తీసుకుని ఇంటికి వచ్చేస్తున్నాయి. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి మొహమే చూడలేదు, లేదంటే మధ్యలో మానేశారు. పేదరికం పెద్ద కారణమే. కానీ "లేదు" అన్న నోటిమాటకు వెనుదిరిగిన పిల్లలు ఆ లెక్కలో ఎందరో ఎవరూ రాసి పెట్టలేదు.

చట్టం ఏం ఇచ్చింది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చాలామందికి ఇందులో 25 శాతం కోటా ఒక్కటే తెలుసు. ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న ఆ నిబంధన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ దరఖాస్తులతో నడుస్తోంది. తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితానికే పరిమితమైంది, హైకోర్టు దాకా పోయింది. అయితే ఐదో తరగతి దాటిన పిల్లలకు పనికొచ్చే సెక్షన్లు వేరే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మొదటిది సెక్షన్ 5. పిల్లవాడు ఏ కారణంతోనైనా ఒక స్కూలు నుంచి సర్కారు స్కూలుకో ఎయిడెడ్ స్కూలుకో మారాలనుకుంటే అది అతని హక్కు. పాత స్కూలు హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త స్కూలు అడ్మిషన్ ఆపకూడదు. ప్రైవేటు స్కూల్లో ఫీజు బకాయి పడి, జిల్లా పరిషత్ హైస్కూలుకు మారాలనుకునే కుటుంబాలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఇంకో ప్రైవేటు స్కూలుకు పోవాలంటే మాత్రం ఈ సెక్షన్ అక్కరకు రాదు. ఈ తేడా తెలియక కొందరు తప్పు చోట వాదించి అలసిపోతున్నారు.

ఇప్పుడు టీసీ ఒక్కటే కాదు, ఆన్‌లైన్ రికార్డు కూడా ఉంది. యూడైస్ పోర్టల్‌లో పాత స్కూలు పిల్లవాడి పేరును వదిలితేనే కొత్త స్కూలు తన జాబితాలోకి తీసుకోగలదు. టీసీ చేతికిచ్చి, పోర్టల్‌లో పేరు వదలకుండా తిప్పించే వీలు ఇక్కడ ఉంది. అందుకే అర్జీలో రెండూ విడివిడిగా రాయాలి.

ఫీజు బాకీ ఉంటే వసూలు చేసుకునే దారులు స్కూలుకు వేరే ఉన్నాయి, పిల్లవాడి సర్టిఫికెట్ తాకట్టు వస్తువు కాదు. మద్రాసు హైకోర్టు 2024 జులైలో ఇదే తీరులో చెప్పింది, బకాయి సంగతి టీసీ మీద రాయడం కూడా కుదరదంది. ఆ తీర్పుకు తెలంగాణ స్కూళ్లు కట్టుబడాల్సిన పని లేకపోయినా, హైదరాబాద్ హైకోర్టులో వాదనకు పనికొస్తుంది.

రెండోది సెక్షన్ 4. ముస్లిం కుటుంబాలకు దీని అవసరం ఎక్కువ. మూడు నాలుగేళ్లు మదర్సాలో ఉండి హిఫ్జ్ పూర్తి చేసిన పన్నెండేళ్ల పిల్లవాడిని బడిలో చేర్చాలని తండ్రి పోతే, "టీసీ ఏది? ఐదో తరగతి పాసైన కాగితం ఏది?" అని అడుగుతారు. 2012 సవరణ తర్వాత మదర్సాలు ఈ చట్టం పరిధిలో లేవు, కాబట్టి అక్కడి నుంచి టీసీ వచ్చే మాటే లేదు. కానీ ఆ పిల్లవాడు చట్టం బయట లేడు. బడికి పోని, లేదా మధ్యలో మానేసిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో అందించాలని సెక్షన్ 4 చెబుతోంది. పన్నెండేళ్ల పిల్లవాడిని మూడో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు. అలా కూర్చోబెడితే వాడు నెల తిరగకముందే మెకానిక్ షెడ్డులో తేలతాడు, ఇది మొహల్లాలో అందరికీ తెలిసిన సంగతే.

వయసు రుజువు లేదని అడ్మిషన్ కాదనడం సెక్షన్ 14 ప్రకారం తప్పు. అయితే 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారమని కొత్త సవరణ వచ్చింది. ఆ పిల్లలు నర్సరీ వయసుకు వచ్చేస్తున్నారు. ఇంట్లో కాన్పు అయి, ఇంకా నమోదు చేయించని వాళ్లు ఇప్పుడే చేయించుకోవడం మేలు. ఏడాది దాటాక నమోదు కావాలంటే పై అధికారి ఉత్తర్వు దాకా పోవాలి.

అప్పీలు ఎక్కడికి?

సెక్షన్ 32లో ఫిర్యాదు దారి ఉంది. తల్లిదండ్రులు లోకల్ అథారిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. చట్టం లెక్కన లోకల్ అథారిటీ అంటే మున్సిపాలిటీ, జిల్లా పరిషత్, పంచాయతీ. ఆచరణలో జనం పోయేది ఎంఈఓ, డీఈఓ ఆఫీసులకే. కాబట్టి ఫిర్యాదు ఒకరి పేరున రాసి ఇంకొకరికి కాపీ పెట్టడం మంచిది. మూడు నెలల్లో తేల్చాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మూడు నెలలు అంటే? జూన్ 12న ఫిర్యాదు ఇస్తే సెప్టెంబర్ 12. అప్పటికి సిలబస్ సగానికి దగ్గరపడుతుంది. ఆ మూడు నెలలు పిల్ల ఇంట్లో బీడీలు చుడుతూనో, తమ్ముడిని చూసుకుంటూనో ఉంటుంది. చట్టం రాసినవాళ్లు దీన్ని ఆలోచించినట్టు లేదు.

ఇంగ్లండ్‌లో ఈ పని ఇంకో తీరుగా నడుస్తుంది. సెకండరీ స్కూలు సీట్ల నిర్ణయం మార్చి 1న తల్లిదండ్రులకు చేరుతుంది. సీటు రాకపోతే కారణం, అప్పీలు హక్కు ఆ ఉత్తరంలోనే రాసి ఉంటాయి. అప్పీలుకు కనీసం 20 బడి దినాలు గడువివ్వాలి. టైముకు వచ్చిన అప్పీళ్లను గడువు తేదీ నుంచి 40 బడి దినాల్లోపు ముగ్గురు సభ్యులకు తగ్గని స్వతంత్ర ప్యానెల్ వింటుంది. తల్లి స్వయంగా వెళ్లి మాట్లాడొచ్చు. ప్యానెల్ చెప్పింది స్కూలు పాటించాలి. సెప్టెంబర్‌లో బడి తెరిచేలోపు చాలావరకు తేలిపోతుంది. అక్కడ అందరికీ కోరుకున్న సీటు దొరుకుతుందని కాదు, ఓడిపోయేవాళ్లే ఎక్కువ. కానీ ఎందుకు ఓడిపోయారో కాగితం మీద ఉంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగు, ఉర్దూ కుటుంబాలు కూడా ఈ హక్కును వాడుకోవచ్చు. కరీంనగర్‌లో ఉన్న వాళ్ల అక్కచెల్లెళ్లకు మాత్రం అలాంటి ఉత్తరమే రాదు.

గురుకులాల సంగతి

మైనార్టీ గురుకులాలు 2016లో 71 స్కూళ్లతో మొదలై, మరుసటి ఏడాదికి 204 అయ్యాయి. 75 శాతం సీట్లు మైనార్టీలకు, 25 శాతం ఇతరులకు. ఐదో తరగతిలో ప్రవేశం. ఉత్తర తెలంగాణలో బీడీల మీద, బొగ్గు గనుల మీద, దుబాయ్ డబ్బు మీద నడిచే ఇళ్లకు ఇవి నిజంగా పెద్ద ఆసరా, ముఖ్యంగా ఆడపిల్లలకు. అందుకే పేరు రాకపోతే అంత బాధ.

లాటరీలో పేరు రాలేదని లాటరీ మీద అప్పీలు చేయడం వృథా. చూడాల్సింది వేరే ఉంది. మంజూరైన సీట్లు ఎన్ని, మొదటి జాబితాలో పిలిచింది ఎందరిని, చేరింది ఎందరు, మైనార్టీ కోటాలో మిగిలినవి ఎన్ని, ఆరు ఏడు ఎనిమిది తరగతుల్లో ఖాళీలు ఎన్ని? చేరని పిల్లల సీట్లు ప్రతి ఏడూ మిగులుతూనే ఉంటాయి. ఈ ప్రశ్నలు ప్రిన్సిపాల్‌నూ, జిల్లా మైనార్టీ సంక్షేమ అధికారినీ రాతలో అడగాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. ఈ అప్పీలు సీటు ఇప్పించదు. కానీ "ఖాళీ లేదు" అన్న మాట నిజమో కాదో తేలుస్తుంది.

2016 అక్టోబర్‌లో జిల్లాలు చీలాక ఇంకో గందరగోళం వచ్చింది. పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, పాత కరీంనగర్ జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్లలుగా విడిపోయింది. కాగజ్‌నగర్ అర్జీ ఇప్పటికీ ఆదిలాబాద్ బస్సు ఎక్కుతోందంటే నవ్వొస్తుంది గానీ, రానూపోనూ ఒక రోజు కూలీ పోతుంది. ఆ అర్జీ ఆసిఫాబాద్‌లో ఇవ్వాలి.

నవోదయలు కూడా అంతే. పాత కరీంనగర్‌ది చొప్పదండిలో, పాత ఆదిలాబాద్‌ది కాగజ్‌నగర్‌లో ఉన్నాయి. అక్కడ పరీక్ష పేపరు మళ్లీ దిద్దించే వీలు లేదు. కానీ 75 శాతం గ్రామీణ సీట్లలో లెక్కకు రావాలంటే పిల్లవాడు మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామంలోని బడిలోనే చదవాలి. ఒక్క రోజు పట్టణ బడి రిజిస్టర్‌లో పేరున్నా పట్టణ అభ్యర్థే. ఇంగ్లిష్ మీడియం కోసం నాలుగో తరగతిలో టౌన్‌కు మార్చి, నవోదయ టైముకు మళ్లీ ఊరికి తెచ్చే కుటుంబాలు ఇక్కడ దెబ్బతింటాయి. దీన్ని అప్పీలుతో బాగు చేయలేరు.

సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతే

సీటు వచ్చి కూడా కాగితాల పరిశీలనలో పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఆధార్‌లో 'మొహమ్మద్', బర్త్ సర్టిఫికెట్‌లో 'ఎండీ', పాత స్కూల్లో 'మహ్మద్'. తండ్రి సౌదీలో ఉంటే ఆదాయ ధ్రువపత్రానికి తల్లి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. బీసీ గురుకులాల్లో బీసీ-ఈ కోటా కింద పోటీ పడాలంటే కుల ధ్రువపత్రం కావాలి. 2007 చట్టంతో వచ్చిన ఈ 4 శాతం 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఇందులో లేవు. దూదేకుల వాళ్లు బీసీ-బీలో ఉన్నారు, బీసీ-ఈ అని దరఖాస్తులో నింపితే అక్కడే కొట్టేస్తారు.

తహసీల్దార్ కుల ధ్రువపత్రం తిరస్కరిస్తే 1993 చట్టం కింద పై అధికారికి అప్పీలు ఉంది. మీసేవ రసీదు మీద 'రిజెక్టెడ్' అని మాత్రమే ఉంటే సరిపోదు, కారణంతో కూడిన ఉత్తర్వు కాపీ అడగాలి. రాష్ట్రంలో ఉర్దూ 2017 నుంచి రెండో అధికార భాష, తెలుగు రాయలేని తల్లి అర్జీ ఉర్దూలోనే ఇవ్వొచ్చు. తీసుకోబోమంటే అది ఇంకో ఫిర్యాదు.

ఎనిమిది దాటాక

విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదిలో చేరాలనుకునే పద్నాలుగేళ్లు దాటిన అమ్మాయికి సెక్షన్ 5 లేదు, 32 లేదు. ఊళ్లో బడి ఎనిమిదితో అయిపోయి, పై తరగతికి బస్సెక్కాల్సిన వయసు కూడా అదే. ఇంట్లో "ఇక చాలు" అనే పెద్దలు సిద్ధంగా ఉన్నప్పుడు, "సీటు లేదు" అన్న ఒక్క మాట వాళ్ల పని తేలిక చేస్తుంది. ఇక మిగిలింది డీఈఓకు అర్జీ, ప్రజావాణి, ఆఖరుకు హైకోర్టులో రిట్.

చెప్పుకోవడానికి ఇబ్బందైన మాట ఇంకోటి ఉంది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో మైనార్టీ విద్యాసంస్థలన్నీ ఈ చట్టం బయటకు వచ్చేశాయి. సంస్థల స్వేచ్ఛకు అది గెలుపే. కానీ సొంత సమాజం నడిపే స్కూల్లో డొనేషన్ అడిగినా, చేర్చుకోకపోయినా పేద ముస్లిం తండ్రికి ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే దారి లేకుండా పోయింది. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచ్ మళ్లీ లేవనెత్తి, పెద్ద బెంచ్ ముందు పెట్టడం కోసం ప్రధాన న్యాయమూర్తికి పంపింది. తీర్పు ఎటు వచ్చినా, కాదన్న కారణం రాసివ్వడానికి మైనార్టీ స్కూళ్లకు కోర్టు చెప్పాల్సిన అవసరం లేదు. స్కూలు కమిటీలు ఈ జూన్ నుంచే ఆ పని మొదలుపెట్టొచ్చు.

లాయరు ఖర్చుకు భయపడేవాళ్లకు ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. కాబట్టి అర్జీ మీద తల్లి సంతకం ఉండటం లాభం. కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. పోయేటప్పుడు అర్జీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తారీఖు ఉన్నాయో లేదో చూసుకుని పోవాలి.