దరఖాస్తు గడప దాటనిస్తేనే రిజర్వేషన్

ఒక సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌లో కండ్లారా చూసిన సంగతి ఇది. డిగ్రీ పాసైన కుర్రవాడు. చూపు లేదు. సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టడానికి వచ్చాడు. ఆపరేటర్ అడుగుతుంటే తన పాస్‌వర్డు, ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ పైకి చెబుతున్నాడు. వెనుక లైనులో నిలబడ్డ పదిమందిమీ విన్నాం. "ఇంట్ల కంప్యూటర్ లేదా తమ్మీ?" అంటే నవ్విండు. "ఉన్నదన్నా. నాకు మంచిగనే వస్తది. పేరు, ఊరు అన్ని నేనే కొట్టిన. ఆఖర్ల ఆ వంకర అక్షరాల బొమ్మ కాడనే ఆగిపోయిన."

ఆ బొమ్మ పేరు క్యాప్చా. మనిషివా, యంత్రానివా తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష. చూపు లేని మనిషిని అది యంత్రంగా లెక్కగట్టి బయటికి నెట్టింది. పక్కన శబ్దంతో వినిపించే ఏర్పాటో, తేలికైన లెక్కో పెడితే సరిపోయేది. పెట్టలేదు, అంతే.

2016 వికలాంగుల హక్కుల చట్టం సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1995 చట్టంలో అది 3 శాతం. ఈ ఒక్క శాతం పెరగడానికి ఇరవై ఏండ్లకు పైగా పట్టింది. తీరా పెరిగాక దరఖాస్తు ఆన్‌లైన్‌లోకి పోయింది, గడపకు అడ్డంగా ఈ బొమ్మ పడ్డది. పేరు మాత్రం మార్చారు, వికలాంగులు కాదట, దివ్యాంగులట. దివ్యత్వం ఎవరడిగారు? బటన్ మీద పేరు రాయమన్నారు.

బటన్ మీద పేరంటే ఏమిటో చెప్పాలి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్ వాడతారు. తెర మీదున్న రాతను అది చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కొంచెం మరబొమ్మలా ఉంటుంది గాని అలవాటైనవాళ్లు మనం కండ్లతో చదివేదానికన్నా వేగంగా వింటారు. అయితే అది రాసి ఉన్నదాన్నే చదవగలదు. బటన్‌కు పేరు రాయకపోతే 'బటన్' అని ఊరుకుంటుంది. పేజీలో ఇరవై ఉంటే ఇరవైసార్లు 'బటన్, బటన్' అంటుంది. ఏది 'సమర్పించు', ఏది 'రద్దు'? ఊహించుకోవాల్సిందే.

తెలుగు దగ్గరికి వస్తే గోస ఇంకా పెద్దది. మన డీటీపీ ఏండ్ల తరబడి అను వంటి ఫాంట్లతో నడిచింది, ఇప్పటికీ నడుస్తున్నది. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే గాని లోపల దాగి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. కంటికి 'అర్హతలు' అని కనిపించేది స్క్రీన్ రీడర్ నోట్లో అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలుగా పలుకుతుంది. యూనికోడ్‌లో రాస్తే ఈ బాధ లేదు. ఇక జీవోల సంగతి చూడండి. కంప్యూటర్‌లో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, సంతకం పెట్టి ముద్ర గుద్దుతారు, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తారు. అక్షరంగా పుట్టిన జీవో ఫొటోగా మారి జనం ముందుకు వస్తుంది. దాన్ని స్క్రీన్ రీడర్ చదవలేదు, కండ్లున్నవాడు కూడా అందులో ఒక పదం వెతుక్కోలేడు.

చూపు ఒక్కటే కాదు. చేతులు వణికేవాళ్లు మౌస్ పట్టలేరు, కీబోర్డుతోనే అన్నీ నడవాలి. వినికిడి లేనివాళ్లకు వీడియో కింద అక్షరాలు కావాలి. లేత బూడిదరంగు అక్షరాలు రిటైరైన ఉద్యోగికి కూడా కనిపించవు.

చట్టం లేదా అంటే ఉంది. సర్కారు వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. 2017 నిబంధనలైతే వెబ్‌సైట్‌లో పెట్టే పత్రం ఈపబ్‌గానో, అక్షరాలు గుర్తించగలిగే పీడీఎఫ్‌గానో ఉండాలన్నాయి. ఎవరు పట్టించుకున్నారు? 2005లో రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెబుతూ అసలు గుట్టు బయటపెట్టింది. చట్టం తప్పనిసరి అంటుంటే 15వ నిబంధన సలహాలాగా రాశారని, అది చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్‌లోని నల్సార్ వర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసిందే. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. యాసిడ్ దాడికి గురైనవాళ్లు బ్యాంకు కెమెరా ముందు కన్నార్పలేక ఖాతా తెరవలేకపోయిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది.

నిధుల్లేవని చెప్పే అధికారులుంటారు. బటన్‌కు పేరు రాయడానికి ఏ నిధులు కావాలి? ఫొటో కింద రెండు ముక్కల వివరణకు ఏ టెండరు పిలవాలి? అన్నీ కట్టాక సరిచేయాలంటే ఖర్చే, మొదలు రాసేటప్పుడు చేస్తే పెద్ద భారమేమీ కాదు.

మనల్ని మనం కూడా అడుగుదాం. మన సంఘాల కరపత్రాలు వాట్సాప్‌లో ఫొటోలుగానే తిరుగుతాయి. మన పత్రికల పీడీఎఫ్‌లు ఆ పాత ఫాంట్లలోనే. సామాజిక న్యాయం మీద పేజీలకు పేజీలు రాసి, చూపు లేని సోదరుడు చదవలేని అక్షరాల్లో అచ్చేస్తున్నాం. ఈ వ్యాసం యూనికోడ్‌లో టైపు చేసి పంపుతున్నాను. పేజీ పెట్టే తమ్ముళ్లు దాన్ని మళ్లీ మార్చకుండా ఉంటే సంతోషం.

ఐటీ చదివే విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఏటా ఏదో ఒక వెబ్‌సైట్ కడతారు. అప్పగించే ముందు చూపు లేని తోటి విద్యార్థి ముందు పెట్టి, నోరు మూసుకుని పక్కన కూర్చోండి. ఆఫీసుల్లో ఉన్న ఉద్యోగ మిత్రులు రేపు సీట్లో కూర్చోగానే మౌస్ వైరు పీకేయండి. మీ శాఖ దరఖాస్తును ట్యాబ్ కీ, ఎంటర్ కీలతోనే చివరిదాకా నింపి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పేజీ పేరు, తేదీ రాసుకుని, సరిచేసేదాకా కాంట్రాక్టరు బిల్లు ఆపమని ఫైలులో నోట్ పెట్టండి. బాధితులు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 89వ సెక్షన్ కింద మొదటి తప్పుకు 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదుకు ఆ నోట్ నకలు జతచేయండి.