నొప్పి ఎక్కడ? చేయు పని ఏమి?



మన వేల్పూరు ప్రాంతములో పసుపు త్రవ్వకము, చెరకు నరుకుడు, మోకాళ్లూని చేయు ఇంటిపని ఎడతెగనివి. తల్లులు గంటల తరబడి బాసిపట్టు వేసుకొని బీడీలు చుట్టుదురు. కీలు దగ్గర వాచినప్పుడు "వాతము" అని ఊరకుందుము. అయితే ప్రతి వాపును వాతము కాదు.

ఎముకకును, దానిపై కదలు చర్మమునకును, కండరమునకును మధ్య ఒరిపిడి కలుగకుండ చిన్న తిత్తులున్నవి. శరీరమంతటిలో ఇవి సుమారు 150. ఒకే చోట ఒత్తిడి పడుచుండిన యెడల తిత్తి వాచి నీరు చేరును. దీనిని వైద్యులు బర్సైటిస్ అందురు.

దీనిని గుర్తించుటకు మొదటి ఆధారము రోగి చెప్పు మాటయే. పూర్వము ఇంగ్లాండులో మోకాళ్లపై నేల తుడుచువారికి మోకాలిచిప్ప మీద వచ్చినందున దానికి "పనిమనిషి మోకాలు" అని పేరు పెట్టిరి. బాసిపట్టు వేసి కుట్టు దర్జీలకు చీలమండ వెలుపల, బల్లపై కూర్చుండి నేయువారికి పిరుదు క్రింద వచ్చెడిది. మోకరించుటచేత చిప్ప క్రింద వచ్చుదానికి "పాదిరి మోకాలు" అని పేరు!

కావున వైద్యునితో ఇవి చెప్పుడి: నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, రోజూ చేయు పని ఏమి, దెబ్బ తగిలెనా, జ్వరమున్నదా, షుగరు వ్యాధి ఉన్నదా. చిప్ప మీద మెత్తని ముద్దవలె వాచి, కాలు చాలవరకు ముడుచుకొనగలిగిన యెడల అది తిత్తి వాపు కావచ్చును. మోకాలంతయు వాచి, ఎటు కదిపినను నొప్పియైన యెడల కీలులోనే బాధ ఉండవచ్చును. భుజములోనైతే చేయి ప్రక్కకు ఎత్తునప్పుడును, రాత్రి ఆ ప్రక్కకు పండుకొనినప్పుడును బాధించును.

సాధారణముగా ఒత్తిడి తగ్గించి, మెత్తని గుడ్డ వేసుకొని, చల్లని కాపడము పెట్టి విశ్రమించిన యెడల కొన్ని వారములలో తగ్గును. గట్టిగా మాలీసు చేయవద్దు. బ్లేడుతోనో సూదితోనో ఇంటిలో నీరు తీయనే తీయవద్దు.

వాపు ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము వచ్చిన యెడల చీము చేరియుండవచ్చును. షుగరు వ్యాధి గలవారికి ఇది మరింత అపాయము. ఆ దినమే ఆర్మూరుకో నిజామాబాదుకో ఆసుపత్రికి వెళ్లుడి. అవసరమైతే వైద్యులు నీరు తీసి పరీక్షింతురు.

తల్లులారా, ఒకరోజు కూలి పోవునని వాపును చీర చాటున దాచకుడి. ఇంటివారలారా, ఆమె చెప్పకముందే అడుగుడి.