భుజములు లేని ఉక్కు

యంత్రయుగమునకు యంత్రాకృతులే తగిన శిల్పములనియు, మానవదేహమును మలచుట గతకాలపు ముచ్చటయనియు కొందరు విమర్శకులు వాదింతురు. భిలాయి వంటి ఉక్కునగరమున ఈ వాదము నవీనముగనే వినవచ్చును. పరిశీలించినచో అది యజమాని లెక్కపుస్తకమునకు అనువైన వాదము. ఆ పుస్తకమున పట్టాల బరువు టన్నులలో ఎక్కును. వానిని తయారుచేసినవాని అలసట ఎక్కదు. శిల్పము కూడ ఆ పుస్తకమునే అనుసరించునేని దానితో లోకమునకు పనియేమి?

మరియొక వర్గమువారు దేహమును కోరుదురు. కాని కండలు తిరిగిన, అలయని దేహమునే కోరుదురు. 1959 జనవరిలో మద్రాసు మెరీనా తీరమున దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలచిన ‘శ్రమవిజయము’ వెలసెను. కొలది దినములకే, ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. బండను కదలించు ఆ నలుగురి శక్తి నిజమైనదే. కాని దానినే అచ్చుగా చేసికొన్నచో మిగులునది భంగిమ మాత్రమే. పని ముగిసిన పిదప ఆ నలుగురు ఎట్లు కూర్చుందురో ఆ అచ్చు చెప్పజాలదు.

జపాను శిల్పులు వేరు త్రోవ చూపిరి. ఒగివారా మోరియే 1907లో పారిస్‌లో ‘గనికార్మికుడు’ మలచెను. అందు గనియు లేదు, గునపమును లేదు. ఛాతీయు, మెడయు, ముఖమును మాత్రమే కలవు. 2024లో మరణించిన ఫునాకొషి కత్సురా కర్పూరవృక్షపు కొయ్యలో నడుము వరకే మనుష్యులను చెక్కి, పాలరాతి కన్నులు పొదిగెను. ఆ దేహములు ఏ విజయమును చాటవు. అయినను చూపరిని కదలనీయవు. సూర్యాపేటలో జన్మించిన జి. రవీందర్ రెడ్డి సైతము దేవతామూర్తులకు చెల్లు పరిమాణమును సామాన్య స్త్రీ ముఖమున కొసగెను.

1992 జులై 1న భిలాయిలోని పవర్ హౌస్ స్టేషను వద్ద, జీవనవేతనము కోరి పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపిరి, పలువురు మరణించిరి. తమ మాట చెల్లనప్పుడు వారు తమ దేహములనే, ఎవరును తప్పించుకొని పోజాలని చోట నిలిపిరి. శిల్పికి ఇంతకన్న పాఠమేమి కావలెను? దేహమునకు కాలము చెల్లినదనువారు ఆ పట్టాలయొద్ద నిలిచి ఆ మాట అనవలెను. శిల్పి మాత్రము పీఠమును తొలగింపవలెను. పవర్ హౌస్ బజారున సంచి పట్టుకొని ఇంటికి పోవువానికి, అతని ఎత్తుననే, అతని అలసటతోనే, ఒక మనుష్యుడు ఎదురుపడవలెను.