బురదలో ఇరుక్కున్న కారును లాగుతున్నారా? తాడు గట్టిదైతే సరిపోదు.. అసలు ముప్పు ఎక్కడుందంటే..

వీకెండ్ వస్తే చాలు.. థార్, జిమ్నీ లాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు మట్టిదారులు, ఇసుక మేటలు, చెరువు గట్ల బాట పడుతున్నాయి. వానాకాలంలో నల్లరేగడి నేలలోకి దిగిన బండి బురదలో కూరుకుపోవడం మామూలే. వెంటనే ఇంకో బండి వస్తుంది. లేదంటే పక్క ఊరి నుంచి ట్రాక్టర్ వస్తుంది. తాడు కడతారు, ఒక్క ఉదుటున లాగుతారు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీసి వీడియో మొదలుపెడతారు.

బండి బయటపడితే రీల్ వైరల్. కానీ తాడు కట్టిన చోటు ఊడిపోతే? అప్పుడు ఆ ఫోన్లు పట్టుకున్నవాళ్లే ప్రమాదంలో పడతారు.

రెండు టన్నుల కారుకు రెండు టన్నుల తాడు చాలదా?

చాలామంది చేసే లెక్క ఇదే. కానీ బండి ఎంత లోతుకు దిగితే లాగడానికి అంత ఎక్కువ బలం కావాలి. అమెరికా సైన్యం వాహన రికవరీకి వాడే లెక్క ప్రకారం.. చక్రాల లోతు వరకు కూరుకుపోతే లోడుతో కలిపి బండి బరువుకు సమానమైన బలం కావాలి. మడ్‌గార్డు వరకు దిగితే రెండింతలు, క్యాబిన్ వరకు మునిగితే మూడింతలు కావాలి. అంటే లోడుతో కలిపి రెండు టన్నులు ఉన్న ఎస్‌యూవీ బురదలో ఆరు టన్నుల బరువున్నట్టు మొండికేస్తుంది.

స్పీడ్ డబుల్ అయితే దెబ్బ నాలుగింతలు

ఇంకో తప్పు.. దూరం నుంచి స్పీడ్‌గా వచ్చి కుదుపుతో లాగడం. 2,500 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదిలితే దానిలో సుమారు 9,600 జౌళ్ల శక్తి ఉంటుంది. అదే 20 కిలోమీటర్లయితే 38,500 జౌళ్లు దాటుతుంది. స్పీడ్ రెండింతలే పెరిగినా శక్తి మాత్రం నాలుగింతలైంది.

ఆ శక్తి ఎటు పోతుంది? రికవరీ కోసమే తయారైన నైలాన్ స్ట్రాప్ దాదాపు 20 శాతం సాగుతుంది. 9 మీటర్ల స్ట్రాప్ అయితే రెండు మీటర్ల దాకా అన్నమాట. అలా సాగుతూ దెబ్బను మెత్తగా తీసుకుని, ఇరుక్కున్న బండిని లాగేస్తుంది. ఇనుప గొలుసు, స్టీల్ కేబుల్ అలా సాగవు. మొత్తం దెబ్బ ఒక్క క్షణంలో కొక్కెం మీద పడుతుంది. అందుకే గొలుసు కట్టి ఉదుటున లాగడం అన్నిటికంటే ప్రమాదకరం.

అయితే సాగిన స్ట్రాప్‌తోనూ ముప్పుంది. ఉండేలు రబ్బరు సాగదీసి వదిలితే ఏమవుతుంది? రాయి దూసుకెళ్తుంది. ఇక్కడ ఆ రాయి స్థానంలో ఇనుప ముక్క ఉంటుంది.

అసలు తెగేది తాడు కాదు

ట్రైలర్ తగిలించే టో బాల్‌కు స్ట్రాప్ వేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఆ బాల్ ఉన్నది ట్రైలర్‌ను లాగడానికి, ఇలాంటి కుదుపుల కోసం కాదు. అది విరిగితే తూటాలా వస్తుంది. బంపర్ దగ్గర మర బిగించే టోయింగ్ హుక్ చదునైన రోడ్డుపై బండిని మెల్లగా తీసుకెళ్లడానికే. కింద కనిపించే కొన్ని కొక్కేలైతే లారీపై బండిని కట్టేయడానికి ఇచ్చినవి. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, బలం ఎంతో రాసి ఉన్న రికవరీ పాయింట్‌కే స్ట్రాప్ తగిలించాలి.

రెండు స్ట్రాప్‌లను మధ్యలో ఇనుప షాకిల్‌తో కలపడం కూడా ఇలాంటిదే. ఏ ఒక్క స్ట్రాప్ తెగినా కిలోకు పైగా బరువుండే షాకిల్ గాల్లోకి లేస్తుంది.

షాకిల్‌పై నంబర్ వేరు, స్ట్రాప్‌పై నంబర్ వేరు

షాకిల్‌పై 4.75 టన్నులని, స్ట్రాప్‌పై 8 టన్నులని ఉంటుంది. చూడగానే షాకిల్ బలహీనం అనిపిస్తుంది. నిజానికి షాకిల్‌పై ఉండేది రోజువారీ పనిలో మోయగల భారం. మంచి షాకిల్ విరగాలంటే సాధారణంగా దానికి ఐదారు రెట్ల బలం కావాలి. స్ట్రాప్‌పై ఉండేది మాత్రం అది తెగిపోయే హద్దు. అసలు సమస్య ఏ నంబరూ లేని షాకిళ్లతోనే. వాటి బలం ఎంతో విరిగేదాకా తెలియదు.

అలాగని అందరికంటే గట్టి స్ట్రాప్ కొనేస్తే సరిపోతుందా? అదీ కాదు. జిమ్నీ లాంటి ఒకటిన్నర టన్ను బండికి 15 టన్నుల స్ట్రాప్ కడితే అది సరిగ్గా సాగదు. అప్పుడు దెబ్బంతా రికవరీ పాయింట్‌కే తగులుతుంది.

ఆస్ట్రేలియాలో రూల్ ఏంటి?

ఆఫ్‌రోడ్ ప్రయాణాలు ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలో రికవరీ స్ట్రాప్‌ల అమ్మకానికి తప్పనిసరి ప్రమాణం ఉంది. ప్రతి స్ట్రాప్‌తో పాటు హెచ్చరికలు ఇవ్వాల్సిందే. వాటిలో ముఖ్యమైనవి ఇవి..

• స్ట్రాప్ తెగే బలం.. రెండు బండ్లలో తేలికైన దాని గరిష్ఠ బరువుకు 2 నుంచి 3 రెట్లు ఉండాలి.
• టో బాల్‌కు, బండిని కట్టేసే కొక్కేలకు తగిలించకూడదు.
• స్ట్రాప్ మధ్యలో డ్యాంపర్ గానీ, బరువైన సంచి గానీ, దుప్పటి గానీ వేయాలి. తెగినా ఎగిరిపడకుండా అది అదిమిపెడుతుంది.
• కోత, చిరుగు ఉన్న స్ట్రాప్ వాడకూడదు. నీళ్లలో నానితే బలం తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.
• చూసేవాళ్లు స్ట్రాప్ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి.

మన దగ్గర పూర్తిగా వదిలేస్తున్నది ఆ చివరి పాయింటే. 9 మీటర్ల స్ట్రాప్‌కు ఆ దూరం 13.5 మీటర్లు. మామూలు ఆర్టీసీ బస్సు పొడవు కంటే ఎక్కువ! రీల్స్‌లో చూస్తే జనం స్ట్రాప్ పక్కనే, కొందరు దాన్ని దాటుతూ కూడా కనిపిస్తారు. స్ట్రాప్‌కు తిన్నగా ఎదురుగా నిలబడటం మరీ ప్రమాదం.

లాగే ముందు ఇది చేయండి

ముందు పార తీయండి. చక్రాల ముందు, బండి కింద ఉన్న మట్టి తీసేస్తే కావాల్సిన బలమే తగ్గిపోతుంది. ఇసుకలో అయితే టైర్ల గాలిని 15-18 పీఎస్ఐకి తగ్గిస్తే చాలాసార్లు స్ట్రాప్ అవసరమే రాదు. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి. అప్పటికీ రాకపోతే మెల్లగా లాగండి. ఒకట్రెండు సార్లకు కదలకపోతే స్పీడ్ పెంచొద్దు, మళ్లీ పార పట్టండి.

ఇక వీడియో కావాలా? తీసుకోండి. కాకపోతే దూరంగా నిలబడి జూమ్ చేయండి. పక్కన పిల్లలుంటే ముందు వాళ్లను వెనక్కి పంపండి.